తాత స్వరాన్ని నేను సరిచేశాను

ఆ రోజుల్లో తప్పు అంటే కంటికి కనిపించేది అని నాకు గట్టి నమ్మకం. కనిపిస్తుంది కాబట్టి తీసేయవచ్చు, తీసేస్తే లోకం ఇంకాస్త బాగుపడుతుంది, బాగుపడ్డ లోకం నన్ను మెచ్చుకుంటుంది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ పట్టా చేత్తో పట్టుకుని, ఇరవై మూడేళ్ళకు తిరుపతిలో మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లకు ఇంతకంటే పెద్ద జ్ఞానం ఉండాలని మీరూ అనుకోరులెండి. గోడ మీద క్యాలెండరు వంకరగా ఉంటే ఆ ఇంట్లో నాకు కాఫీ గొంతు దిగేది కాదు. బస్సులో ముందు సీటావిడ జడలో పూలు ఒక పక్కకు ఒరిగితే నా చేతులు ఊరుకునేవి కావు. "దీన్ని ఎవురింటికి పంపినా వారం దినాల్లో ఆ ఇంట్లో ఉండేదంతా అటుదిటు ఇటుదటు సేసి పెడ్తాది, ముందే సెప్తాండా" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది (నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారికి కూడా). అలాంటి నా ముందు, ఎంత వంకర పోయిన స్వరాన్నయినా ఒక్క నొక్కుతో తిన్నగా చేసే కంప్యూటరును పెట్టారు. జరిగినదాంట్లో తప్పంతా నాదే అని ఒప్పుకుంటూనే, పెట్టినవాళ్ళది కూడా కాస్త ఉందని ఇప్పటికీ నాకనిపిస్తుంది.

ఉద్యోగం పేరు ప్రాజెక్ట్ అసిస్టెంట్. మావైపు గుళ్ళలో వాయించే నాదస్వరాన్ని రికార్డు చేసి, ఒక్కొక్క స్వరం ఎంత ఎత్తులో పలుకుతోందో కంప్యూటరుతో కొలవడం నా పని. గురువు కాళ్ళ దగ్గర పదేళ్ళు కూర్చుంటే గాని అంతుపట్టని సంగతిని పది నిమిషాల్లో తెర మీద గీతగా చూపించవచ్చు అని మా సారు అనేవారు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు దశాంశం సారు. టీ ఎంతసేపట్లో వస్తుందని అడిగితే అయిదు నిమిషాలని చెప్పకూడదు, "అయిదు పాయింట్ ఎంత?" అంటారు. మంచి మనిషి, గట్టిగా ఒక మాట అనడం కూడా తెలియదు. ఇక నా సంగీతజ్ఞానం సంగతి చెప్పాలంటే, హాస్టల్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఫోనులోనే తాళం, వీణ, వయొలిన్ అన్నీ కూర్చి, ఆ అమ్మాయి స్నేహితురాళ్ళ చేత పాడించి, వాళ్ళ గొంతుల్లో మిట్టపల్లాలన్నీ తీసేసి, సినిమా పాటలా నున్నగా తయారుచేసి ఇచ్చేదాన్ని. అందుకని అక్కడ నన్ను ఇస్త్రీపెట్టె అని పిలిచేవాళ్ళు. అది పొగడ్తే అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ ప్రాజెక్టులో అందరికంటే ముఖ్యమైన మనిషి మా ఊరివాడే. కార్వేటినగరం పక్కన మా ఊరు. అక్కడ గుడిలో నాదస్వరం వాయించే మేళం తాత, మా అమ్మ పెళ్ళికి, నా చెవులు కుట్టిన రోజుకు, అంతకుముందు మా నాయన పెళ్ళిచూపులకు కూడా (పిలవకుండానే వచ్చి) వాయించినవాడు. డెబ్బై దాటినా ఊపిరి గట్టిది. గట్టిగా లేనివి పళ్ళు. నాదస్వరం కొనకు ఉండే చిన్న రెల్లు పీకను పెదవులతో పట్టి నిలపాలంటే వాటి వెనక ముందుపళ్ళ దన్ను ఉండాలి, తాతకు అవే కదులుతున్నాయి. నేనూ సారూ ఒక సోమవారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళి కూర్చోగానే ఆయన చెప్పిన మొదటి మాట అదే.

"వచ్చే గురువారం పండ్లన్నీ పీకేస్తారంట సారూ. సక్కెర జబ్బు గదా, సిగుళ్ళకు సీము పట్టింది. ఇంగా పెట్టుకుంటే పానానికే మోసమంట. ఆ డాక్టరు పిల్లోడు మంచోడే. కొత్త పండ్లు కట్టిస్తా, సెరుకు గూడా నమల్తావు తాతా అన్నాడు. నమిలేదానికి గాదు నాయనా, ఊదేదానికి గావాల అంటే నగినాడు."

సారు వెంటనే గడియారం చూసుకున్నారు. గురువారం పొద్దున పదింటికి తాత కుర్చీలో పడుకుంటాడు. అంటే ఆ నాదస్వరానికి ఇంక మిగిలింది డెబ్బై ఒకటిన్నర గంటలు. ఆ లెక్క ఆయన పైకే చెప్పారు, తాత కూతురు (నేను అక్కా అని పిలుస్తాను, ఇంటి పనీ గుడి పనీ అంతా ఆమె చేతి మీదుగానే) చేతిలోని మజ్జిగ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

బడికి సెలవులు కాబట్టి ఒక గది తీసుకున్నాం. బయటి శబ్దం రాకూడదని కిటికీలు మూశాం, గాలి శబ్దం రాకూడదని ఫ్యాను ఆపేశాం. మే నెలలో, చిత్తూరు జిల్లాలో, ఫ్యాను ఆపిన గదిలో నాదస్వరం ఊదడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. తాత పంచె తడిసిపోయింది. ఆయన ఊపు మీదికి వచ్చేసరికి పక్కింట్లో గ్రైండరు మొదలైంది, దాన్ని బతిమాలి ఆపించేసరికి కరెంటు పోయింది, కరెంటు వచ్చేసరికి తాత చిగురు వాచింది. మంగళవారం పొద్దున పీక తీసి చూస్తే దాని కొన ఎర్రగా ఉంది. సారు ఇంక చాలు అన్నారు. తాత పీకను పంచె కొంగుతో తుడిచి, "ముఖ్యమైంది ఉండిపొయింది సారూ, భుజం మార్చేది" అన్నాడు.

పల్లకీ ఊరేగింపులో వీధి మూల తిరిగేటప్పుడు మోసేవాళ్ళు భుజం మార్చుకుంటారు. అప్పుడు వాయించే చిన్న ముక్క అది, వాళ్ళ ఇంటి సొత్తు, తాతకు వాళ్ళ తాత నేర్పింది. ఇంకెవరికీ రాదు. నేను ఆ ఊరిలోనే పుట్టాను కాని, ఊరేగింపు వస్తుంటే హారతి పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడేదాన్నే గాని పల్లకీ కింద ఎవరి కాళ్ళు ఏం చేస్తున్నాయో ఏనాడు చూశాను! నా ఫారంలో 'సందర్భం' అన్న గడిలో 'మూల మలుపు' అని రాసుకున్నాను. ఎందుకు, ఎలా అనే గడులు ఆ ఫారంలో లేవు. తాత దాన్ని తొమ్మిదిసార్లు ఊదాడు, ఒక్కోసారి అయ్యాక ఉమ్మేసి వచ్చి మళ్ళీ ఊదాడు. తొమ్మిదోసారి అయ్యాక రికార్డరు వైపు చూసి, "ఇది ఆ పెట్టిలో ఎంతకాలం ఉంటాది పాపా?" అన్నాడు.

"ఎప్పటికీ తాతా. నువ్వు లేకపోయినా ఉంటాది" అన్నాను (మనిషి ముఖం మీద అలా అనకూడదని ఇరవై మూడేళ్ళకు తెలియదు).

"నేను లేనప్పుడు దాని ఇష్టం. నేనుండంగా పోకుంటే సాలు" అన్నాడాయన.

గురువారం పళ్ళు పోయాయి. నేను తిరుపతిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ తొమ్మిదింటినీ గీతలుగా మార్చాను. తెర మీద స్వరానికొకటి చొప్పున అడ్డగీతలుంటాయి, వాయించింది వాటిమీద పాకుతూ పోతుంది. తాత గీత ముచ్చటగా పాకింది, ఒక్కచోట తప్ప. అక్కడ ఒక స్వరం అడ్డగీతను వదిలి కిందికి కుంగిపోయింది. తొమ్మిదిసార్లూ అదే చోట, ఒకసారి కొద్దిగా, ఒకసారి బాగా. పంటి నొప్పి అనుకున్నాను. ఆ స్వరం దగ్గరికొచ్చేసరికి కదిలే పన్ను పట్టు తప్పుతోంది పాపం, అనుకున్నాను. తొమ్మిదిసార్లు ఒకే చోట జరిగేది తప్పు కాదేమో అన్న ఆలోచన ఫిజిక్సు చదివిన పిల్లకు రావాలి కదా అంటారా? వచ్చింది. వచ్చినదాన్ని కూర్చోమని కూడా అనకుండా పంపించేశాను. ఆ ఎర్రబడ్డ పీకే నా కళ్ళముందు ఉంది. రేపు ఎక్కడెక్కడివాళ్ళో దీన్ని వింటారు, మా తాత అపస్వరం పలికించాడని అనుకుంటారు, ఆయన నోట్లో నొప్పి వాళ్ళకెలా తెలుస్తుంది! నాకు నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ తొమ్మిది కుంగుళ్ళనూ ఒక్కొక్కటిగా పట్టుకుని పైకి లాగి గీతమీద కూర్చోబెట్టాను. అతుకు తెలియకుండా, అంత బాగా. తర్వాత కంప్యూటరు చోటు చాలడం లేదని గొణిగితే, ఇంక ఆ పాతదానితో పనేముంది అని అసలు రికార్డును తీసేశాను. రికార్డరులోని కార్డును అంతకు రెండు రోజుల ముందే తుడిచి వేరే ఊరి రికార్డింగుకు సిద్ధం చేసిపెట్టాను. పనిమంతురాలిని కదా.

సారు అడిగితే చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు. గీత చూసి, "సున్నా పాయింట్ సున్నా! ఒక్క చోటన్నా తేడా లేదే! పండ్లు కదిలిపొయ్యే మనిషి ఇట్ల వాయించినాడంటే..." అంటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంత సంతోషంలో ఉన్న మనిషిని కదిలించడం మర్యాద కాదనిపించింది.

మూడు వారాలకు అక్క ఫోను చేసింది. గుడి ఉత్సవం దగ్గరికొచ్చింది, తాత నోరింకా మానలేదు, కొత్త పళ్ళు కట్టడానికి నెల పడుతుందన్నారు. "స్వామిని మూగగా ఊరేగిస్తామా పాపా? నాయనది నీ కాడ ఉండాది గదా. స్పీకరులో పెడ్తావా?" అంది. పెడతానన్నాను. గర్వంతో ఆ రోజు నాకు అన్నం కూడా సరిగా సయించలేదు. తాత ముందుగా ఒకసారి విని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కాని ఆయన వినడు. ఎవడు ఊదింది వాడే రికార్డులో వింటే వేళ్ళు నిలిచిపోతాయని వాళ్ళ తాత చెప్పాడట, పళ్ళు లేకపోయినా ఆ నియమం మాత్రం వదల్లేదు.

ఉత్సవం నాటి పొద్దున తోపుడుబండి మీద స్పీకరు కట్టి, బండి పక్కన ఫోను పట్టుకుని నేను నిలబడ్డాను. బయట వీధిలో రికార్డు ఎలా వినిపిస్తుందో కొలుస్తానని సారు శ్రుతి కొలిచే మీటరు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు. పల్లకీ లేచింది. ముందు నలుగురు, వెనక నలుగురు, అందరికీ ముందు ఎడమవైపు, ఊరంతా పెద్దమామ అని పిలిచే ఆయన. నాదస్వరం మోగింది. జనం ఒక్క క్షణం తాత ఎక్కడున్నాడా అని వెతుక్కుని, స్పీకరును చూసి, నన్ను చూసి తలలూపారు. మా అమ్మయితే పక్కావిడ భుజం తట్టి మరీ నన్ను చూపించింది. మొదటి వీధి పొడుగునా నేను భూమికి జానెడు పైనే నడిచాను.

మొదటి మూల తాత ఇంటి దగ్గరే. ఆయన ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని, తన వాయిద్యం తనకు వినపడకుండా తువ్వాలును చెవుల మీదుగా బిగించి కట్టుకున్నాడు. నేను భుజం మార్చే ముక్క పెట్టాను. పల్లకీ నిలిచింది. ఎనిమిదిమంది ఖాళీ చేతులూ కర్ర దగ్గరికి లేచాయి. ముక్క ఎత్తుకుంది, చుట్టు తిరిగింది, ఆ చోటికి వచ్చింది, నేను దిద్దినట్టే తిన్నగా దాటి వెళ్ళిపోయింది. ఎనిమిది చేతులూ అలాగే గాల్లో ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. ముక్క అయిపోయి రెండోసారి మొదలైంది. మళ్ళీ చేతులు బిగుసుకున్నాయి, మళ్ళీ ఆ చోటు దాటిపోయింది. పెద్దమామ మెడ మీద నరం తాడులా లేచింది.

"ఏంది ఇది? రాదే!" అన్నాడాయన పళ్ళ బిగువున. వెనక వీధిలోంచి ఎవరిదో గొంతు, "మార్చేదా వద్దా మామా? భుజం పోతాండాది!"

నాకు అర్థం కాలేదు. ఏది రాలేదు? అన్నీ వచ్చాయే! మూల తిరిగేటప్పుడు ముందు నలుగురు ఒక వీధిలో, వెనక నలుగురు ఇంకో వీధిలో ఉంటారు, ఒకరికొకరు కనిపించరు. గోవిందా గోవిందా అని జనం అరుపుల్లో నోటిమాట వినపడదు. నడివీధిలో స్వామిని కిందికి దించరు, మా ఊళ్ళో ఏనాడూ దించలేదు. మరి ఎనిమిదిమందీ ఒక్కసారిగా ఎలా మారుస్తారు? ఈ ప్రశ్న నాకు అప్పుడు, అక్కడ, ఎండలో, ఫోను చేత్తో పట్టుకుని ఉండగా మొదటిసారి తోచింది. ముక్కను మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ఒకే తప్పును ఇంకా గట్టిగా వినిపిస్తే ఒప్పవుతుందేమోనని వాల్యూము కూడా పెంచాను. సారు నాకు ధైర్యం చెబుదామని మీటరు చూపించి, "నువ్వేం భయపడాకమ్మా, శ్రుతి కరెక్టుగానే ఉండాది. సున్నా పాయింట్ సున్నా!" అన్నారు.

వెనక ఇద్దరు ఇంక ఓర్వలేక ఊహ మీద భుజం మార్చారు. మిగతావాళ్ళు మార్చలేదు. పల్లకీ ఎడమకు ఒరిగింది. పూలదండ జారి పెద్దమామ ముఖం మీద పడింది, పూజారి స్వామిని రెండు చేతులా వాటేసుకున్నాడు, గోవిందలు కాస్తా అయ్యయ్యోలయ్యాయి. పట్టుకోవడానికి నలుగురు ఉరికారు గాని, వీళ్ళు పట్టుకుంటే వాళ్ళకు అడుగు కుదరక ఇంకా ఒరిగింది. పెద్దమామ మోకాలు వణకడం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఊరు ఊరంతా పల్లకీని చూసి, స్పీకరును చూసి, నన్ను చూసింది.

అరుపులకు తాత తువ్వాలు లాగేశాడు. లాగేసి, తన నాదస్వరాన్ని జీవితంలో మొదటిసారి బయటినుంచి విన్నాడు. ఆ చోటు వచ్చింది, పోయింది. ఆయన ముఖం చూశాను. బండి వదిలేసి తిన్నె దగ్గరికి పరుగెత్తాను.

"తాతా, ఆడ... నువ్వు కుంగినావు గదా, పంటి నొప్పికి అనుకున్నా. నేనే పైకెత్తేసినా."

"ఎత్తినావా?" పళ్ళు లేని నోట్లో మాట సగం గాలే. "పోనీలే. అసలుది ఉండాది గదా? అది పెట్టు, బిర్న పెట్టు."

"లేదు తాతా. తుడిసేసినా."

ఆయన నన్ను తిట్టలేదు. ఒక్క క్షణం నా చేతిలోని ఫోనును చూశాడు, ఎవరో పోయిన కబురు విన్నట్టు చూశాడు. ఇంతలో పెద్దమామ కేక పెట్టాడు, "తాతో! సచ్చిపోతాండాం!" తాత నా భుజం పట్టుకుని లేచాడు. "ఆ కూత ఆపు పో" అన్నాడు. తన నాదస్వరాన్నే కూత అన్నాడు. నేను ఆపేశాను.

ఆయన పోయి పల్లకీకి ఎదురుగా నిలబడి, నోట్లోని దూది ఉమ్మేసి, ఆ ముక్కను నోటితో ఎత్తుకున్నాడు. అదేం సంగీతమని చెప్పను! సగం గాలి, సగం తుంపర్లు, జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. ఆయన ఎవరినీ చూడలేదు, పెద్దమామ మోకాలిని చూస్తున్నాడు. గొంతు ఎత్తుకుంది, చుట్టు తిరిగింది, ఆ చోటికి వచ్చింది. వచ్చి కుంగింది. మెల్లగా, బరువుగా, భుజాన బస్తా ఉన్న మనిషి కూర్చోబోయినట్టు కిందికి దిగింది. దాంతో పాటు ఎనిమిదిమంది మోకాళ్ళూ దిగాయి. స్వరం మళ్ళీ లేచేసరికి ఎనిమిదిమందీ లేచారు, కర్ర రెండో భుజం మీద ఉంది, పల్లకీ చదునుగా ఉంది. వెనక వీధిలోంచి "హమ్మయ్య" అన్న మాట ఇక్కడికి వినిపించింది. నేను తిన్నె అంచు పట్టుకుని ఏడ్చేశాను.

మిగతా మూడు మూలలకూ ఆయన అలాగే నడిచాడు, మోచెయ్యి నేను పట్టుకున్నాను. మరొక చేతిలో ఆయన ఉమ్మే దూది కోసం డబ్బా పట్టుకున్నాను కాబట్టి ఫోను తీసి రికార్డు చేయాలన్న బుద్ధి ఎవరిచ్చినా చెయ్యి ఖాళీ లేదు. సారు మాత్రం మీటరు పట్టుకుని వెంటబడ్డారు. ప్రతి మూలలోనూ ఆ స్వరం వేరే లోతుకు పోయింది. చివరికి ఆయన ఉండబట్టలేక అడిగారు, "నాలుగు సార్లూ నాలుగు రకాలుగా వచ్చింది తాతా, దీంట్లో ఏది కరెక్టు?"

"మొదటి మూలలో పాపం సానాసేపు నిలబడినారు, సానా కిందికి పొయినా. ఈడ మిట్ట, రవ్వంత కుంగితే సాలు. ఊదేవాడు మోసేవాని మోకాలు సూడాల సారూ, పీకను గాదు" అన్నాడు తాత. బడిగదిలో తొమ్మిదిసార్లు ఎవరి మోకాళ్ళు తలచుకుని ఊదాడో అని అప్పుడు తోచింది నాకు.

తిరుపతి బస్సులో సారు పక్కనే కూర్చున్నాను, పుత్తూరు దాటింది. అసలు రికార్డు లేదన్న సంగతి ఆయనకు అప్పటికే చెప్పేశాను. ఉద్యోగం పోయిందని నిశ్చయించుకుని, అమ్మకు ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నాను (అందులోనూ తప్పులు దిద్దుకుంటున్నాను). సారు మీటరును సంచిలో పెట్టి జిప్పు మూసి, "రేపు రిపోర్టులో రాయాలమ్మా, రికార్డును మనం మార్చినామని" అన్నారు. నువ్వు మార్చినావు అనలేదు. మనం అన్నారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం మా ఊరికి పోయి తాత దగ్గర ఆ ముక్క నేర్చుకున్నాను. కొత్త పళ్ళు వచ్చాయి గాని పీక వాటిమీద నిలవలేదు, గాలి పక్కలకు పోయింది. రెండుసార్లు ప్రయత్నించి నాదస్వరాన్ని సంచిలో పెట్టేశాడు. మిగిలింది నోరే. ఫోనులో పట్టుకుంటానంటే, "పట్టుకో, దాని తప్పేముండాది" అనేవాడు, కాని దాన్ని విని పాడితే ఒప్పుకునేవాడు కాదు. అక్క చేత నీళ్ళ బిందె భుజాన పెట్టించి వాకిట్లో అటూ ఇటూ నడిపించేవాడు, ఆమె ఎక్కడ అలిసిందో కనిపెట్టి నేను అక్కడ కుంగాలి. నేను ఆలస్యంగా కుంగితే అక్క బిందెతో సహా నిలబడి నా వైపు చూసే చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "మేయ్, నీకు పాట యాడొస్తాది గాని నా నడుం మాత్రం పోతాది" అనేది. నాకంటే ముందు ఆ బిందె మోసిన అక్కకే వచ్చేసింది. తాత పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. ఉత్సవానికి పక్కూరినుంచి మేళం పిలిపిస్తున్నారు, మూలల దగ్గర వాళ్ళు ఆగుతారు, అక్క ముందుకొచ్చి నోటితో పాడుతుంది. నేను చిత్తూరులో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పుకుంటూ, ఆ రోజుకు సెలవు పెట్టి పోయి ఆమె పక్కన నిలబడతాను.

పోయిన నెల ఒక ఫోను వచ్చింది. ఏదో పెద్ద ఊళ్ళో పరిశోధన చేస్తున్న అమ్మాయి, కంప్యూటరుకు నాదస్వరం నేర్పి, దాని చేత కొత్తగా వాయిస్తోందట. మా పాత ప్రాజెక్టు రికార్డు ఎక్కడో దొరికింది (కింద సారు రాసిన హెచ్చరికను ఎవరూ చదవరు). "మేడం, మా మెషినుకు అందరికంటే ఈయనే మంచి గురువు. ఒక్క స్వరం కూడా గీత దాటలేదు. ఒక మనిషి ఇంత కచ్చితంగా ఎలా వాయించాడు మేడం?" అంది. ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది.

"వాయించలేదమ్మా. ఆ పని చేసింది నేను" అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి మెల్లగా, అసలుది ఎలా ఉండేదో మీకు గుర్తుందా అని అడిగింది. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. కుర్చీలోంచి లేచి, కళ్ళు మూసుకుని, అక్క బిందెను తలచుకుని ఫోనులో పాడాను.

"చాలా బాగుంది మేడం. కాని మధ్యలో ఒకచోట వినపడలేదు. అక్కడ మీ గొంతు కిందికి పోయినట్టుంది, ఫోను దాన్ని ఏదో రొద అనుకుని తీసేస్తోంది. ఇంకోసారి పాడతారా?"

ఇంకోసారి పాడాను. మూడోసారీ పాడాను. మూడుసార్లూ సరిగ్గా అదే చోట పోయింది. ఆ అమ్మాయి కంగారుపడిపోయి, "ఒక్క నిమిషం మేడం, నేను సరిచేస్తాను, ఇప్పుడే సరిచేసేస్తాను" అంటూ టకటకా ఏవో నొక్కడం మొదలుపెట్టింది. నాకు నవ్వాగలేదు. సరిచేయొద్దు తల్లీ, వచ్చే నెల మా ఊళ్ళో ఉత్సవం, బస్సెక్కి రా, పల్లకీ పక్కన చెప్పుల్లేకుండా నడుద్దువుగాని అన్నాను. వస్తానంది.

ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుకుంటూ ఒక్కదాన్నే కూర్చున్నాను, ఆ అమ్మాయిని చూసి మాత్రం కాదు. సరిచేస్తాను అన్నప్పుడు ఆ గొంతులో ఉన్న ప్రేమ నాకు బాగా తెలిసినదే. తాత స్వరాన్ని పట్టుకుని పైకి లాగిన రోజున నా చేతిలో ఉన్నదీ అదే.